ఓరుగల్లు కోటలో గైడ్‌తో నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ నడకలో ఏం చూస్తాం? ఆ నాలుగు తోరణాలేనా?

తోరణాలు కూడా చూస్తాం. అవి నడక మధ్యలో వస్తాయి. వరంగల్ కోట అనగానే చాలామందికి గుర్తొచ్చేది టికెట్ తీసుకుని లోపలికెళ్లే ఆ ఒక్క ఆవరణే. తోరణాల ముందు నాలుగు ఫోటోలు దిగి "ఇంతేనా?" అనుకుంటూ కారెక్కేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఆ మాట వింటే మాకు బాధేస్తుంది. వాళ్లు చూసింది కోట నడిబొడ్డున ఉన్న గుడి ఆవరణ మాత్రమే. కోటని చూడకుండానే వెళ్లిపోతున్నారు.

ఓరుగల్లు కాకతీయుల రాజధాని నగరం. మధ్యలో స్వయంభూ శివుడి గుడి. దాని చుట్టూ సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతి గోడ. ఆ గోడ చుట్టూ దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టి గోడ. ఈ రెండింటికీ కందకాలున్నాయి. ఇంకా బయట, హనుమకొండ వైపు సాగిపోయే మరో మట్టికట్ట ఉంది, దాని వ్యాసం 12 కిలోమీటర్ల పైమాటే. గుడి నుంచి నాలుగు దిక్కులకి దారులు, ఆ దారులు గోడని తాకే చోట నాలుగు ద్వారాలు. ముందు వృత్తం గీసుకుని, ఆ గీత ప్రకారం నగరం కట్టారు. ఇప్పటికీ ఉపగ్రహ చిత్రంలో ఆ గుండ్రటి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. బయల్దేరే ముందు ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఒకసారి చూసుకుని రండి. మా నడక ఆ గీతల్ని బయటి నుంచి లోపలికి దాటుకుంటూ సాగుతుంది: మట్టి గోడ, రాతి గోడ పడమటి ద్వారం, ఖుష్ మహల్, తోరణాల ఆవరణ, ఏకశిల గుట్ట, చివరికి తూర్పు ద్వారం.

ఎంత దూరం నడవాలి? ఎంతసేపు పడుతుంది?

ఆగుతూ, మెట్లెక్కుతూ, వెనక్కి ముందుకి తిరుగుతూ నాలుగు కిలోమీటర్ల దాకా అవుతుంది. మూడు గంటలు పెట్టుకోండి. ప్రశ్నలు ఎక్కువ అడిగే బృందమైతే మూడున్నర. తొందరగా ముగించమని అడిగేవాళ్లకి ఒకటే చెబుతాం: తొందరుంటే ఏదో ఒక భాగం మానేద్దాం, ఉన్న భాగాన్ని మాత్రం పరుగు మీద చూపించం.

కోట మధ్యలోంచే రోడ్డు పోతోంది కదా, కారులో తిరిగి చూస్తే సరిపోదా?

రోడ్డు ఉంది. పడమటి ద్వారంలోంచి వచ్చి తూర్పు ద్వారంలోంచి బయటికి పోతుంది. కారులో వచ్చేవాళ్లకి అక్కడ స్టీరింగ్ రెండుసార్లు గట్టిగా తిప్పాల్సి రావడం ఒక ఇబ్బందిగా మాత్రమే తెలుస్తుంది. నడిచి వస్తే ఆ మలుపుల వెనకున్న ఆలోచన అర్థమవుతుంది.

పడమటి ద్వారం దగ్గర మేం పది నిమిషాలు ఆగుతాం. మొదటి వాకిలి దాటి లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా నగరం కనబడాలి కదా. కనబడదు. ఎదురుగా ఇంకో రాతి గోడ. దారి పక్కకి, తొంభై డిగ్రీలకి తిరుగుతుంది. అటు నాలుగడుగులు వేస్తే మళ్లీ తిరుగుతుంది. ఆ మధ్యలో ఉన్న చోటులో నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. మీరు వచ్చిన వాకిలి కనపడదు, వెళ్లాల్సిన వాకిలి కనపడదు. నాలుగు పక్కలా గోడలు, వాటి పైన కాపలావాళ్లు నిలబడే చోటు, మీ తల మీద ఆకాశం. తలుపులు బద్దలు కొట్టడానికి ఏనుగు పరుగెత్తుకు రావాలి. ఇక్కడ పరుగెత్తడానికి జాగా లేదు. గుర్రపు దండు కూడా ఇక్కడికి రాగానే నిదానించక తప్పదు. నిదానించిన మరుక్షణం పైనుంచి బాణాలు. పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు, వాళ్లంతట వాళ్లే గోడెక్కి కింద ఉన్నవాళ్లని శత్రువులుగా ఎంచుకుంటారు.

ఏ కాలంలో రావాలి? ఏ వేళకి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఉదయం ఆరున్నరకి మట్టి గోడ దగ్గర మొదలుపెడితే ఎండ ముదిరేసరికి చెట్ల నీడకి చేరతాం. ఏప్రిల్, మే నెలల్లో రావద్దనే మా సలహా. ఓరుగల్లు ఎండ మామూలుది కాదు, పైగా ఇదంతా నల్లరాయి, పది గంటలకే సెగ కొడుతుంది. వానాకాలంలో కందకాలు నిండి, పొలాలు పచ్చబడి కోట చాలా అందంగా ఉంటుంది. కానీ మట్టి గోడ ఎక్కేటప్పుడు కాలు జారుతుంది, ఏకశిల గుట్ట మెట్ల మీద కూడా జాగ్రత్తగా ఉండాలి. వాన పడుతుంటే ఆ రెండూ మానేస్తాం.

ఎలా చేరుకోవాలి?

హైదరాబాద్ నుంచి రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. రైలే సుఖం. సికింద్రాబాద్‌లో ఎక్కితే రెండు, రెండున్నర గంటల్లో వరంగల్. విజయవాడ, ఖమ్మం వైపు నుంచి వచ్చేవాళ్లకి కూడా అదే స్టేషను. కాజీపేటలో మాత్రమే ఆగే రైలైతే అక్కడి నుంచి ఇంకో పన్నెండు కిలోమీటర్ల దాకా రావాలి. వరంగల్ స్టేషన్ నుంచి కోట దగ్గరే, ఆటోవాళ్లకి "ఖిలా వరంగల్" అంటే చాలు.

టికెట్ ఉందా?

గోడలు, ద్వారాలు, కందకాలు, ఊరి వీధులు అన్నీ బహిరంగమే, వాటికి టికెట్ లేదు. తోరణాల ఆవరణ భారత పురావస్తు సర్వే కింద ఉంది, అక్కడ టికెట్ తీసుకోవాలి. 15 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం. ధర గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. గైడ్ ఫీజులో ఈ టికెట్ కలిసుందో లేదో ఏ గైడ్‌తో వచ్చినా ముందే అడిగి తెలుసుకోండి.

మట్టి గోడలో చూడ్డానికి ఏముంది? గడ్డి మొలిచిన దిబ్బే కదా?

పైకి చూస్తే దిబ్బే. దాని మీద పశువులు మేస్తుంటాయి. అయినా మా నడక దాని దగ్గరే మొదలవుతుంది. ఢిల్లీ సైన్యాన్ని మొదట ఎదుర్కొన్నది ఈ దిబ్బే.

1303లో వచ్చిన తొలి దండు ఓడి వెనుదిరిగింది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లుని ముట్టడించినప్పుడు ఆ దండయాత్ర వృత్తాంతం అమీర్ ఖుస్రో పారశీకంలో రాశాడు. శత్రుపక్షం కవి అయ్యుండీ ఈ మట్టి గోడ గట్టిదనాన్ని పొగడకుండా ఉండలేకపోయాడు: ఉక్కు ఈటె కూడా దిగదని, రాళ్లు విసిరే యంత్రపు గుండు తగిలినా వెనక్కి ఎగిరి వస్తుందని అతని వర్ణన. కవి అతిశయోక్తి కొంత ఉందనుకున్నా, ఇందులో యుద్ధపు లెక్క ఉంది. రాతి గోడకి గుండు తగిలితే రాయి పగులుతుంది, ఒక రాయి ఊడితే పక్కది వదులవుతుంది. వెడల్పాటి మట్టికట్ట ఆ దెబ్బని మింగేస్తుంది. పగలగొట్టడానికి అందులో ఏమీ లేదు, తవ్వాలి, లేదా కందకం పూడ్చి ఎక్కాలి. కాఫూర్ సైన్యం చివరికి ఎక్కే లోపలికొచ్చింది. ఆ తర్వాత ఎదురైంది రాతి గోడ. అక్కడ కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులు, గుర్రాలు, నిధులు ఇచ్చి పంపాడు. రాతి గోడ ఆ ఏడు లొంగలేదు.

ఆ దిబ్బ మీద నిలబడి తూర్పు వైపు చూస్తే మధ్యలో పొలాలు, ఇళ్లు, వాటి అవతల రాతి గోడ బురుజులు. ముట్టడి వేసినవాడి కంటికి ఆనిన దృశ్యం అదే.

రాతి గోడ ఎవరు కట్టారు? సున్నం లేకుండా ఎలా నిలబడింది?

రాజధాని హనుమకొండ నుంచి ఇక్కడికి మారడం, ఈ గోడ లేవడం గణపతిదేవుడి పాలనలో (1199–1262) ముమ్మరంగా సాగాయి. ఆయన కూతురు రుద్రమదేవి గోడ ఎత్తు పెంచి బురుజులు చేర్పించిందని చరిత్రకారుల మాట. ఇప్పుడు లెక్కకొచ్చే బురుజులు 45. చతురస్రంగా, ఎదురుగా వచ్చేవాడి మీదికి దూసుకొచ్చినట్టు ఉంటాయి.

గోడ దగ్గరికెళ్లి రాళ్ల అతుకు చూడమంటాం. ఒక్కో రాయి మనిషి పొడుగు, కొన్ని అంతకంటే పెద్దవి. రెండు రాళ్ల నడుమ సున్నం లేదు, గచ్చు లేదు. ఒక రాయి అంచు ఎలా ఉంటే పక్క రాయిని దానికి తగ్గట్టు చెక్కి ఇమిడ్చారు. బరువే బంధనం. కొన్ని రాళ్ల అంచు వెంట వరసగా చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. బండని చీల్చడానికి ఉలితో పెట్టిన గాట్లు అవి. రాయి కొట్టే పని తెలిసినవాళ్లు ఎవరైనా మా బృందంలో ఉంటే ఈ గోడ దగ్గర మేం మాట్లాడం, వాళ్ల చేత మాట్లాడిస్తాం. లోపలి వైపుకి వస్తే గోడ మరో రూపంలో ఉంటుంది: మట్టి వాలు, దాని మీద పైదాకా రాతి మెట్ల వరసలు. ఎక్కడ దాడి జరిగితే అక్కడికి సైనికులు ఒక్క ఉదుటున ఎక్కిపోవడానికి చేసిన ఏర్పాటు. పైకి చూడ్డానికి గోడంతా రాయే అయినా వెనకనుంచి దాన్ని మోసేది మట్టి.

తోరణాలు అసలు దేనికి కట్టారు? గుడిని కూల్చినవాళ్లు వాటిని ఎందుకు వదిలేశారు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నాలుగు తోరణాలు స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలబెట్టిన ప్రవేశ ద్వారాలు. వాటికి తలుపులు లేవు, ఎప్పుడూ లేవు. ఇక్కడి నుంచి దేవుడి చోటు మొదలవుతుందని చెప్పడమే వాటి పని. నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డదూలం, దూలం మీద రెండు పక్కలా హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు, పూలదండల చెక్కడం. ఇంత బరువున్న రాయి అంత తేలిగ్గా కనిపించడానికి కారణం దూలానికీ స్తంభానికీ నడుమ ఉన్న వంపు బోదెలు. కాస్త పక్కనుంచి, వెలుతురు ఏటవాలుగా పడేటప్పుడు చూడండి. ఎదురుగా నిలబడి చూస్తే ఆ లోతు తెలియదు.

1323లో నగరం ఢిల్లీ వశమయ్యాక గుడిని నేలమట్టం చేశారు. ఇప్పుడు ఆవరణలో పరిచి ఉంచిన స్తంభాలు, పైకప్పు రాళ్లు, నందులు, చెక్కిన దూలాలు ఆ గుడివే. ఆ చోటే పెద్ద మసీదు కట్టే ప్రయత్నం జరిగింది. తోరణాలు మిగలడానికి ఇద్దరు మనుషులు రెండు కారణాలు చెబుతారు. వాటి మీద దేవతా విగ్రహాలు లేవు, ఆకులు, పూలు, పక్షులే కాబట్టి ముట్టుకోలేదన్నది ఒకటి. కొత్త పాలకులు తమ మసీదు చుట్టూ ఇవే హద్దులుగా, అందానికి అందంగా ఉంటాయని కావాలనే ఉంచుకున్నారన్నది చరిత్రకారుల్లో కొందరి వాదన. నాకు రెండోది ఎక్కువ నచ్చుతుంది. కూల్చడం చేతనైనవాళ్లు వదిలేశారంటే ఆ రూపం వాళ్ల కంటినీ కట్టిపడేసి ఉండాలి.

ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉంది. ఆఫీసు గేట్ల మీద, ఫంక్షన్ హాళ్ల ముందు సిమెంటుతో పోసిన తోరణాలు ఎన్నో చూసుంటారు. అసలుదాని కింద నిలబడితే ఆ నకళ్లలో ఏం తప్పిపోయిందో వెంటనే తెలుస్తుంది. పాళ్లు తప్పిపోయాయి.

ఖుష్ మహల్ షితాబ్ ఖాన్‌దేనా?

స్థానికంగా అలాగే చెబుతారు. 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లుని ఏలిన షితాబ్ ఖాన్ (అసలు పేరు సీతాపతి అంటారు) దాన్ని కట్టించాడని. ఆయన 1504 నాటి శాసనం కోటలో ఉంది. కానీ భవనాన్ని చూస్తే కిందికి పోనుపోను మందమయ్యే వాలు గోడలు, లోపల వరసగా పెద్ద కమానులు. ఇది తుగ్లక్‌ల కాలపు ఢిల్లీ కట్టడాల తీరు. అందుకే కట్టడాల చరిత్ర చదివినవాళ్లు దీన్ని 1323 తర్వాతి కాలానికి చేరుస్తారు. షితాబ్ ఖాన్ వాడుకుని ఉండొచ్చు. మెట్లెక్కి పైకప్పు మీదికి వెళ్తే తోరణాల ఆవరణ మొత్తం ఒక్క చూపులో పడుతుంది. బృందం ఫోటో అక్కడ దిగండి.

రుద్రమదేవి గురించి ఎంత చెబుతారు?

శాసనాల్లో ఉన్నంత, ఇంకా కొంత. తండ్రి బతికుండగానే పాలనలో పాలుపంచుకుంది, రుద్రదేవ మహారాజు అన్న పురుష బిరుదుతో ఏలింది, లోపలి తిరుగుబాట్లనీ దేవగిరి యాదవుల దాడినీ ఎదుర్కొంది. ఆమె మరణం గురించి చాలాకాలం ఊహలే ఉండేవి. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం ఆ సంగతి తేల్చింది. 1289 నవంబరు నాటి ఆ శాసనంలో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యలోకం కలగాలని భూమి దానం చేశాడు. రాణి పేరు మీద ఎంతో పెద్ద పెద్ద కట్టడాలు ఉండగా, ఆమె చివరి రోజుల జాడ మనకి మిగిల్చింది ఒక సామాన్యుడి కృతజ్ఞత. సినిమాలో చూసిన కత్తియుద్ధాల గురించి పిల్లలు అడిగితే కోపగించుకోం. కాని శాసనం కథ కూడా చెప్పకుండా వదలం.

వేయి స్తంభాల గుడి నుంచి కోటకి సొరంగం ఉందట, నిజమేనా?

లేదు. అలాంటిది ఉందనడానికి ఆధారమేదీ బయటపడలేదు. తెలుగునాట ఏ కోటకైనా ఏ పాత గుడికైనా ఈ కథ ఉంటుంది.

కోహినూర్ ఇక్కడిదేనా?

1310 సంధిలో ప్రతాపరుద్రుడు ఇచ్చిన నిధుల్లో రత్నాలున్నాయి, వాటిలో సాటిలేనిదొకటి ఉందని అమీర్ ఖుస్రో రాశాడు. కృష్ణా తీరపు గనులు వజ్రాలకి పేరుమోసినవి. ఇంతవరకూ ఖాయం. ఆ రత్నమే కోహినూర్ అన్నది తర్వాతివాళ్లు కలిపిన లంకె. భద్రకాళి అమ్మవారి కన్నుగా ఉండేదన్న కథ కూడా ఇక్కడ బాగా ప్రచారంలో ఉంది. కథ అనే చెబుతాం, విన్నవాళ్లని చిన్నబుచ్చం.

ఇంత గట్టి కోట చివరికి ఎలా పడింది?

ఒక్క దెబ్బకి పడలేదు. 1303 నుంచి 1323 దాకా ఐదుసార్లు ఢిల్లీ దండ్లు వచ్చాయి. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి విఫలమై దేవగిరికి వెనక్కి తగ్గాడు. కొద్ది నెలల్లోనే కొత్త బలగంతో తిరిగొచ్చాడు. అంత త్వరగా వస్తాడని నగరం అనుకోలేదు. ప్రతాపరుద్రుడు బందీ అయ్యి ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరంలో కన్నుమూశాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. పదమూడేళ్లు తిరిగేసరికి, 1336 ప్రాంతంలో, ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లుని మళ్లీ గెలుచుకున్నాడు. నడకలో ఈ వరస అంతా ఏకశిల గుట్ట పైన కూర్చుని చెబుతాం. అక్కడి నుంచి కోట నాలుగు దిక్కులూ చేతికందినట్టు కనిపిస్తాయి, ఎవరు ఎటు నుంచి వచ్చారో వేలు పెట్టి చూపించొచ్చు.

రాజుల కథలేనా? మామూలు జనం ఎక్కడుండేవాళ్లు, ఏం కొనేవాళ్లు, ఏం తినేవాళ్లు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే మాకు ప్రత్యేకమైన ఇష్టం.

కోటలో ఖాన్ సాహెబ్ తోట అనే చోట కాకతీయుల కాలపు శాసనం ఒకటి దొరికింది. మట్టెవాడ అంగడిలో ఏ సరుకు మీద ఎంత సుంకమో అందులో రాసుంది. కూరగాయలు, కొబ్బరికాయలు, మామిడిపళ్లు, చింతపండు, నువ్వులు, పెసలు, నూనె, నెయ్యి, ఉప్పు, బెల్లం, ఆవాలు, మిరియాలు, పసుపు, ఉల్లి, అల్లం. ఇంకోవైపు తగరం, సీసం, రాగి, గంధం, కస్తూరి, ఏనుగు దంతం, పట్టు. ఇంటి పోపులపెట్టెలోకి పోయే సరుకూ, రాజుగారి గదిలోకి పోయే సరుకూ ఒకే అంగట్లో ఒకే లెక్కలో ఉన్నాయి. మట్టెవాడ ఇప్పటికీ వరంగల్లో ఒక పేట. ఆటో మీద "మట్టెవాడ" అన్న బోర్డు చూసినప్పుడు ఆ పేరు వయసు ఎంతో తలుచుకోండి. సముద్రం మీది సరుకు రావడానికి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకి అభయమిస్తూ వేయించిన శాసనం ఇంకో ముక్క. ఓడ మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని ఇక మీదట రాజు కాజేయడని, పద్ధతి ప్రకారం సుంకం కట్టి వ్యాపారం చేసుకోవచ్చని మాట ఇచ్చాడు.

ఇక, ఈ నగరంలో నడక అన్నది కొత్త సరదా కాదు. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం నిండా ఉన్నది ఇద్దరు మిత్రులు, మంచనశర్మ, టిట్టిభసెట్టి, ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలే. పొట్టేళ్ల పోట్లాట, కోడిపందెం, పల్నాటి వీరుల కథ పాడేవాళ్లు, ఏకవీర గుడి, ప్రతాపరుద్రుడి ప్రియురాలు మాచల్దేవి ఇల్లు అన్నీ వరసగా వస్తాయి. మధ్యాహ్నం ఒక రూక ఇచ్చి పూటకూళ్ల ఇంట్లో భోంచేస్తారు, వడ్డించిన వంటకాల జాబితా చదివితే నోరూరుతుంది. కాకతీయ రాజ్యం పోయాక రాసిన కావ్యం కనుక దాన్ని అచ్చంగా ఆనాటి పత్రికా వార్తలా తీసుకోకూడదు. అయినా మరో మధ్యయుగపు తెలుగు నగరం గురించి ఇంత దగ్గరి చూపు మనకి లేదు. వచ్చే ముందు ఒకసారి చదివి వస్తే మా నడక సగం మీరే చేయిస్తారు.

గైడ్ తప్పనిసరా?

తప్పనిసరి ఏమీ కాదు. బోర్డులు చదువుకుంటూ ఒంటరిగా తిరిగినా ఆనందమే. కాని ద్వారం మలుపు, మట్టి గోడ, మెట్ల వరస లాంటివి ఎవరో ఒకరు ఆపి చూపిస్తే గాని కంట పడవు.

మాతోనే రానక్కర్లేదు. ఎవరితో వెళ్లినా గైడ్ మంచివాడా కాదా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష: "ఇది మీకెలా తెలిసింది?" అని అడగండి. శాసనంలో ఉందనో, తవ్వకాల్లో దొరికిందనో, ఊళ్లో పెద్దలు చెప్పుకునే మాటనో తేడా చెప్పగలిగినవాడితో హాయిగా నడవండి. అన్నీ ఒకే గొంతుతో చెప్పేవాడితో జాగ్రత్త. డబ్బు ముందే మాట్లాడుకోండి, చివర్లో బేరం ఇద్దరికీ ఇబ్బంది.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు రాగలరా?

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మట్టి గోడ, గుట్ట మానేసి ద్వారం, ఖుష్ మహల్ కింది అంతస్తు, తోరణాలు చూడొచ్చు. ఆ మూడింటి మధ్య ఆటోలో వెళ్లే వీలుంది. ఆవరణ లోపల నేల చాలా భాగం చదునే, చక్రాల కుర్చీ తోడుంటే తోసుకెళ్లొచ్చు, కాని విడి రాళ్లున్న చోట ఇంకొకరి సాయం కావాలి. ఆరేళ్లు దాటిన పిల్లలకి నడక ఇబ్బంది కాదు. చంటిపిల్లల్ని బండిలో కాకుండా ఎత్తుకుని తీసుకురండి. బురుజుల అంచున ఎక్కడా కటకటాలు లేవని అమ్మానాన్నలు గుర్తుంచుకోవాలి.

మా పిల్లలు అమెరికాలో పుట్టారు, తెలుగు అర్థమవుతుంది కాని చదవలేరు. వాళ్లకి నడక పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. తెలుగులోనే చెబుతాం, అవసరమైన చోట ఇంగ్లీషు కలుపుతాం. శాసనాల లిపి దగ్గర వాళ్లతో ఒక ఆట ఆడిస్తాం: కాకతీయుల నాటి రాతలో ఇప్పటి తెలుగు అక్షరాన్ని పోలినవి వెతకమంటాం. మీరు కాగితం మీద కొన్ని అక్షరాలు రాసిచ్చి పక్కన నిలబడితే చాలు, వాళ్లే పట్టుకుంటారు. తాత నానమ్మల్ని కూడా వెంటబెట్టుకు రండి. ఆ వయసువాళ్లకి మాకు తెలియని కోట కథలు తెలుసు.

ఫోటోలు, డ్రోన్లు?

ఫోన్‌తో ఎన్నైనా తీసుకోండి. రక్షిత కట్టడాల దగ్గర డ్రోన్‌కి, ట్రైపాడ్ పెట్టి తీసే షూటింగ్‌కి ముందస్తు అనుమతి కావాలి. పరిచి ఉంచిన శిల్పాల మీద ఎక్కి నిలబడి ఫోటో దిగే అలవాటు చూస్తే మనసు చివుక్కుమంటుంది. అది ఏడు వందల ఏళ్ల కిందటి గుడి పైకప్పు. దయచేసి ఎక్కకండి, ఎక్కేవాళ్లని చూస్తే మెత్తగా ఒక మాట చెప్పండి.

ఏం వేసుకోవాలి, ఏం తెచ్చుకోవాలి?

కాలికి పట్టు ఉన్న బూట్లు, టోపీ, మనిషికి లీటరు నీళ్లు. ఇప్పటికీ పూజలు జరిగే గుళ్లలో చెప్పులు విడవాలి కనుక సులువుగా విప్పేవి మేలు.

కోట లోపల ఇళ్లున్నాయి కదా, అక్కడివాళ్లకి ఇబ్బంది కాదా?

ఇది కట్టడాల మ్యూజియం మాత్రమే కాదు, ఊరు. గోడల మధ్య ఇళ్లు, బడి, పొలాలు, చిన్న కొట్లు ఉన్నాయి. వాకిట్లో ముగ్గు పెడుతున్న అమ్మనో, అరుగు మీద కూర్చున్న తాతనో అడగకుండా ఫోటో తీయకండి. పలకరిస్తే వాళ్లే పిలిచి కూర్చోబెడతారు. ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద అడుగు చూసి వేయాలి. చెత్త మీ సంచిలోనే పెట్టుకోండి. ఈ కోటని ఇన్నేళ్లుగా రోజూ తిరిగి, వాడి, కాపాడుకుంటూ వచ్చింది ఈ జనమే. చూడ్డానికి వచ్చిన మనం వాళ్ల ఇంటికి చుట్టాలం.

అదే రోజు వేయి స్తంభాల గుడి, రామప్ప కూడా చూడొచ్చా?

వేయి స్తంభాల గుడి చూడొచ్చు. హనుమకొండలో ఉంది, మధ్యాహ్నం భోజనం చేసి వెళ్తే సరిపోతుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కలిపి. విప్పదీసి మళ్లీ నిలబెట్టిన కల్యాణ మండపం 2024లో తెరుచుకుంది, ఇదివరకు వచ్చినవాళ్లు కూడా దాని కోసం మళ్లీ చూడాలి. సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు బాగుంటుంది.

రామప్పని మాత్రం ఇందులో ఇరికించకండి. ములుగు జిల్లా పాలంపేటలో ఉంది, రానూపోనూ నూట ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. 1213 నాటి ఆ గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దానికి విడిగా ఒక పూట ఇవ్వండి, రాత్రి హనుమకొండలో ఉండి మర్నాడు పొద్దున్నే బయల్దేరితే గుడి మీద లేత ఎండ పడేటప్పుడు చేరతారు.

నడక అయ్యాక ఏం తినాలి, ఏం కొనాలి?

సర్వపిండి దొరికితే వదలకండి. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నెకి తట్టి, వేళ్లతో చిల్లులు పెట్టి కాలుస్తారు. అంచు కరకరలాడాలి, మధ్యలో కాస్త మెత్తగా ఉండాలి. కొనేదైతే కొత్తవాడ నేతగాళ్ల జంపఖానా. వరంగల్ జంపఖానాలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మగ్గం దగ్గరే కొంటే డబ్బు నేసినవాళ్ల చేతికి చేరుతుంది.

మధ్యలో అలిసిపోతే వెళ్లిపోవచ్చా?

నిరభ్యంతరంగా. తోరణాల గేటు ముందే ఆటోలు ఉంటాయి. ఓపిక చిక్కాక మిగిలిన సగం, అంటే ఏకశిల గుట్ట, తూర్పు ద్వారం, ఇంకో రోజు వచ్చి చూడొచ్చు. దానికి మళ్లీ ఫీజు తీసుకోం.